ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌కు జోడీ ఏది? యాంప్లిఫయర్ చర్చపై ఒక సమీక్ష

ఎలక్ట్రోస్టాటిక్ లౌడ్‌స్పీకర్‌కు ఏ యాంప్లిఫయర్ జత చెయ్యాలని నలుగురిని అడిగితే నాలుగు జవాబులు వస్తాయి. పదిహేను వాట్ల ట్యూబ్ యాంప్ చాలంటారు ఒకరు. వందల వాట్ల ట్రాన్సిస్టర్ యాంప్ లేనిదే ఆ స్పీకర్ జోలికి పోవద్దంటారు ఇంకొకరు. అసలు మధ్యలో ట్రాన్స్‌ఫార్మరే ఉండకూడదన్నది మూడో మాట. ఈ కాలపు క్లాస్-డి యాంప్ ఆ పని సునాయాసంగా చేస్తుందన్నది నాలుగో మాట. నలుగురూ అనుభవం ఉన్నవాళ్లే, నలుగురి చేతిలోనూ కొలతలున్నాయి. అయినా దాదాపు డెబ్బై ఏళ్లుగా మాట కలవడం లేదు.

ఈ వాదాలన్నిటినీ ఒక వరసలో పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఈ స్పీకర్ యాంప్‌ను బాస్‌లో ఒకటి అడుగుతుంది, మధ్య స్వరాల్లో మరొకటి, ట్రెబుల్ చివర ఇంకొకటి. ఒక్కో వర్గం ఒక్కో ప్రాంతాన్ని చూసి తీర్పు చెబుతోంది. తమ ప్రాంతంలో ప్రతి వర్గానిదీ చాలావరకు నిజమే. చిక్కంతా ఆ తీర్పును మొత్తానికి అన్వయించడంలో ఉంది.

ఈ లోడ్ ఎలాంటిది?

ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌లో శంకువు లేదు, కాయిల్ లేదు. కొన్ని మైక్రాన్ల మందం ఉన్న ప్లాస్టిక్ పొర రెండు చిల్లుల పలకల మధ్య బిగించి ఉంటుంది. పొరకు వేల వోల్టుల స్థిరమైన చార్జ్ ఇస్తారు. పాటకు సంబంధించిన సిగ్నల్ పలకలకు వెళ్తుంది. ఆ పలకలకూ వేల వోల్టులు కావాలి. మామూలు యాంప్ ఇచ్చేది పదుల వోల్టులే కాబట్టి స్పీకర్ లోపల ఒక స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు. అసలు కథ ఈ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే మొదలవుతుంది.

విద్యుత్ పరంగా చూస్తే ఆ ప్యానెల్ ఒక కెపాసిటర్. దాని కెపాసిటెన్స్ 400 పికోఫారడ్లు, ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి 1:100 అనుకుందాం. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజిని వంద రెట్లు చేస్తుంది. కెపాసిటెన్స్‌ను మాత్రం వంద వర్గం చొప్పున, అంటే పదివేల రెట్లు చేసి యాంప్‌కు చూపిస్తుంది. అలా 400 పికోఫారడ్లు కాస్తా 4 మైక్రోఫారడ్లవుతాయి. ఈ కెపాసిటర్ ఇంపీడెన్స్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర సుమారు 40 ఓమ్‌లు, 5 కిలోహెర్ట్జ్ దగ్గర 8, 10 దగ్గర 4, 20 దగ్గర 2 ఓమ్‌లు. స్పీకర్ వెనక రాసి ఉండే 'నామినల్ ఇంపీడెన్స్' అంకె ఈ వాలును ఏమాత్రం చెప్పదు.

రెండో ఇబ్బంది ఫేజ్. రెసిస్టర్‌లో వోల్టేజి, కరెంటు కలిసి శిఖరానికి చేరతాయి. కెపాసిటర్‌లో యాంప్ ఔట్‌పుట్ సున్నా దాటుతున్న క్షణంలో కరెంటు గరిష్ఠంగా ఉంటుంది. ఆ క్షణంలో సప్లై వోల్టేజి మొత్తం ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ మీదే పడుతుంది. సిద్ధాంతపరంగా ఒక క్లాస్-బి యాంప్ రెసిస్టర్‌ను నడిపేటప్పుడు మహా అయితే తన గరిష్ఠ పవర్‌లో సుమారు 40 శాతాన్ని వేడిగా మారుస్తుంది. అదే ఇంపీడెన్స్ ఉన్న శుద్ధ కెపాసిటర్‌ను పూర్తి వోల్టేజితో నడిపితే ఆ వేడి 127 శాతానికి, అంటే మూడు రెట్ల పైకి చేరుతుంది. కెపాసిటర్ పవర్‌ను ఖర్చు చెయ్యదు, తీసుకున్నదంతా తిరిగి పంపేస్తుంది. ఆ భారమంతా యాంప్ మొయ్యాలి.

మూడోది స్థిరత్వం. యాంప్‌లో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ ఉంటే కెపాసిటివ్ లోడ్ ఆ ఫీడ్‌బ్యాక్‌కు అదనపు ఆలస్యం తెస్తుంది. డిజైన్‌లో తగినంత వెసులుబాటు లేకపోతే స్క్వేర్ వేవ్ అంచున అలలు మొదలవుతాయి, ఇంకా ముదిరితే యాంప్ వినపడని ఫ్రీక్వెన్సీలో తనంతట తాను ఊగిపోతుంది. నాలుగోది బాస్ చివర ఉంది. లోతైన బాస్‌లో పెద్ద సిగ్నల్ వస్తే ట్రాన్స్‌ఫార్మర్ కోర్ సాచురేట్ అయి ఇంపీడెన్స్ ఒక్కసారిగా కూలుతుంది. యాంప్ ఔట్‌పుట్‌లో డీసీ లీకైతే ఈ ప్రమాదం ఇంకా త్వరగా వస్తుంది.

చర్చ ఎలా పెరిగింది

1925లో రైస్, కెలాగ్ మూవింగ్ కాయిల్ స్పీకర్ ప్రకటించాక పరిశ్రమ మొత్తం అటే నడిచింది. అప్పటి ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్లు ఎక్కువగా ఒకే పలక ఉన్నవి కావడంతో సిగ్నల్ పెరిగేకొద్దీ డిస్టార్షన్ కూడా పెరిగేది. పొరకు ఇరువైపులా పలకలు పెట్టి, పొర మీది చార్జ్ కదలకుండా ఉంచితే బలం సిగ్నల్‌కు సమపాళ్లలో ఉంటుందని హార్వర్డ్ ఆచార్యుడు ఫ్రెడరిక్ హంట్ 1954 నాటి గ్రంథంలో సిద్ధాంతీకరించాడు. ఆయన ప్రయోగశాలలో పనిచేసిన ఆర్థర్ జాన్‌జెన్ ఆ బాటలోనే ట్వీటర్లు తయారు చేశాడు. ఇంగ్లండులోని హంటింగ్డన్‌లో క్వాడ్ సంస్థ స్థాపకుడు పీటర్ వాకర్ 1955లో 'వైర్‌లెస్ వరల్డ్' పత్రికలో ఈ విషయంపై వ్యాసాలు రాశాడు. డి.టి.ఎన్. విలియమ్సన్‌తో కలిసి చేసిన కృషి ఫలితంగా 1957లో క్వాడ్ ఈఎస్ఎల్ మార్కెట్లోకి వచ్చింది. 1985 దాకా అది తయారవుతూనే ఉంది.

ఈ తొలి క్వాడ్‌కు జోడీ ముందే సిద్ధంగా ఉంది. 1953లో వచ్చిన క్వాడ్-2 ట్యూబ్ యాంప్ కేటీ66 ట్యూబులతో 15 వాట్లు ఇచ్చేది. స్పీకర్ నామినల్ ఇంపీడెన్స్ 15 ఓమ్‌లు. నిజానికి అది 100 హెర్ట్జ్ ప్రాంతంలో 30 ఓమ్‌లు దాటి, 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2 ఓమ్‌ల లోపుకు పడిపోతుంది. స్పీకర్ తట్టుకునే శిఖర వోల్టేజి సుమారు 33 వోల్టులు. 15 ఓమ్‌లలో 15 వాట్లంటే శిఖరం 21 వోల్టులకు మించదు. అందువల్ల యాంప్ ఎంత గట్టిగా మోగినా స్పీకర్‌కు ముప్పు లేదు. ఒకే సంస్థ రెండింటినీ తయారు చెయ్యడంతో జోడీ ప్రశ్న పుట్టనే లేదు.

ట్రాన్సిస్టర్లు వచ్చాక ఆ పొందిక చెదిరింది. తొలితరం ట్రాన్సిస్టర్ యాంప్‌లలో చాలావాటికి కెపాసిటివ్ లోడ్ గిట్టేది కాదు. కొన్ని ఊగిపోయేవి, కొన్నిటిలో రక్షణ సర్క్యూట్ అనవసరంగా మేల్కొని పాటను కత్తిరించేది. క్వాడ్ సంస్థ 1967లో తెచ్చిన 303 యాంప్ 8 ఓమ్‌లలో 45 వాట్లకు పరిమితమై ఈ గండం గట్టెక్కింది. 1975 నాటి 405 యాంప్ వంద వాట్లది. అంటే శిఖరం 40 వోల్టులు. అది పాత ఈఎస్ఎల్ హద్దు దాటుతుంది కాబట్టి దానితో వాడేటప్పుడు వోల్టేజి పరిమితి పెట్టుకోవాల్సి వచ్చింది.

అమెరికాలో మార్క్ లెవిన్సన్ 1970ల చివర హెచ్‌క్యూడీ అనే వ్యవస్థలో క్వాడ్‌లను ఒకదానిపై ఒకటి పేర్చి, ఎంఎల్-2 అనే క్లాస్-ఎ యాంప్‌లతో నడిపాడు. అది 8 ఓమ్‌లలో ఇచ్చేది 25 వాట్లే. లోడ్ 4 ఓమ్‌లైతే 50, 2 ఓమ్‌లైతే 100 వాట్లిచ్చేలా దాన్ని కట్టారు. వాట్ల కన్నా కరెంటు ముఖ్యమన్న ఆలోచనకు అది గట్టి ఉదాహరణ. 1981లో క్వాడ్ ఈఎస్ఎల్-63 వచ్చింది. దాని లోడ్ పాతదాని కన్నా చాలా సాఫీ, రక్షణ సర్క్యూట్ స్పీకర్‌లోనే ఉంది. 1986లో మార్టిన్‌లోగన్ సీఎల్‌ఎస్ మళ్లీ ట్రెబుల్ చివర అతి తక్కువ ఇంపీడెన్స్‌తో యాంప్‌లకు పరీక్ష పెట్టింది. ఆ సంస్థ తర్వాత తెచ్చిన హైబ్రిడ్లలో (బాస్‌కు మామూలు వూఫర్ జోడించిన ప్యానెల్ స్పీకర్లలో) కొన్నిటి స్పెసిఫికేషన్‌లోనే 20 కిలోహెర్ట్జ్ దగ్గర 1 ఓమ్ కన్నా తక్కువ అని ఉంటుంది.

మొదటి పక్షం: ట్యూబులు

ట్యూబ్ యాంప్ సహజంగా ఎక్కువ వోల్టేజి మీద నడిచే యంత్రం. ఫేజ్ తిరగబడిన లోడ్ దాని ట్యూబులను ట్రాన్సిస్టర్లంత త్వరగా దెబ్బతియ్యదు. హద్దు దాటినప్పుడు కూడా మెల్లగా వంగుతుంది. మధ్య స్వరాల్లో ఈ స్పీకర్ ఇంపీడెన్స్ ఎక్కువ కాబట్టి ట్యూబులకు అది అనుకూలమైన చోటు. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ యాంప్‌ల కథా ఇదే. జూలియస్ ఫ్యూటర్‌మన్ 1950ల్లో రూపొందించిన ఓటీఎల్ డిజైన్‌కు ఎలక్ట్రోస్టాటిక్ అభిమానుల్లో ఆదరణ దొరికింది. అట్మా-స్ఫియర్ సంస్థకు చెందిన రాల్ఫ్ కార్‌స్టెన్ ఈ వాదాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాడు. యాంప్ ఎప్పుడూ స్థిరమైన వోల్టేజి ఇవ్వాలనే నియమం అన్ని స్పీకర్లకూ వర్తించదనీ, పవర్‌ను ఆధారం చేసుకున్న మరో పద్ధతి ఉందనీ ఆయన వాదన.

ఈ పక్షం బలహీనత ఔట్‌పుట్ ఇంపీడెన్స్. ఒక ట్యూబ్ యాంప్‌కు అది 2 ఓమ్‌లు, స్పీకర్ 20 కిలోహెర్ట్జ్ దగ్గర ఒకటిన్నర ఓమ్‌ల కెపాసిటివ్ లోడ్ అనుకుందాం. ఈ రెండూ లంబకోణ త్రిభుజం భుజాల్లా కలుస్తాయి కాబట్టి మొత్తం రెండున్నర ఓమ్‌లు. స్పీకర్‌కు చేరేది యాంప్ వోల్టేజిలో 60 శాతమే, అంటే 4.4 డెసిబెల్ కోత. అదే యాంప్ 30 ఓమ్‌ల బాస్ ప్రాంతంలో అర డెసిబెల్‌కు కాస్త పైన మాత్రమే కోల్పోతుంది. వినేవారికి ట్రెబుల్ మెత్తబడి, కింది స్వరాలు నిండుగా వినిపిస్తాయి. చాలామంది 'ట్యూబ్ మాధుర్యం' అని మెచ్చుకునేదానిలో ఈ వాలు పాత్ర చిన్నదేమీ కాదు. యాంప్ ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో తక్కువ ఓమ్‌ల ట్యాప్‌కు మారిస్తే ఔట్‌పుట్ ఇంపీడెన్స్ తగ్గి ట్రెబుల్ తిరిగొస్తుంది, అందుబాటులో ఉన్న వోల్టేజి మాత్రం తగ్గుతుంది.

రెండో పక్షం: పెద్ద ట్రాన్సిస్టర్ యాంప్‌లు

'ఎలక్ట్రోస్టాటిక్ లౌడ్‌స్పీకర్ డిజైన్ కుక్‌బుక్' రచయిత రోజర్ శాండర్స్ ఈ పక్షానికి పెద్ద గొంతు. ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్‌ను నడిపేది వోల్టేజి కాబట్టి పవర్ ధారాళంగా ఉండాలి, ఔట్‌పుట్ ఇంపీడెన్స్ సున్నాకు దగ్గరగా ఉండాలి, ట్రెబుల్ చివర కరెంటుకు కొదవ ఉండకూడదన్నది దీని సారం. శిఖరాలు కత్తిరించినప్పుడు వచ్చే చెడు శబ్దాన్ని స్పీకర్ లోపంగా పొరబడుతున్నామని కూడా అంటారు.

కరెంటు సంగతి లెక్క వేస్తే రెండు చిత్రాలు కనిపిస్తాయి. 33 వోల్టుల శిఖరంతో 20 కిలోహెర్ట్జ్ సైన్ వేవ్‌ను 2 ఓమ్‌లలోకి పంపాలంటే 16.5 ఆంపియర్లు కావాలి. ఈ అంకె చూస్తే ఏ చిన్న యాంప్ అయినా పనికిరానిదే. అయితే సంగీతంలో పూర్తి స్థాయి శబ్దం అంత ఎత్తైన ఫ్రీక్వెన్సీలో సాధారణంగా ఉండదు. 10 కిలోహెర్ట్జ్ దగ్గర స్థాయి 20 డెసిబెల్ తక్కువ అనుకుంటే వోల్టేజి 3.3, లోడ్ 4 ఓమ్‌లు, కరెంటు 0.8 ఆంపియర్. ఈ అంకె చూస్తే మంచి చిన్న యాంప్ చాలు. వీణ, వయొలిన్, గాత్రం వినేవారికి రెండో చిత్రం దగ్గర. మైక్ ఆనించి రికార్డు చేసిన సింబల్స్, సింథసైజర్ సంగీతం గట్టిగా వినేవారికి మొదటి చిత్రం వైపు కొంత జరగక తప్పదు.

పాత క్వాడ్ లాంటి స్పీకర్ల విషయంలో ఈ పక్షం సలహా ప్రమాదకరం కూడా. యాంప్‌లో 300 వాట్లుండి చెయ్యి జారితే ప్యానెల్‌లో నిప్పురవ్వలు లేచి పొర కాలిపోతుంది.

మూడో పక్షం: నేరుగా ప్యానెల్‌కు

ట్రాన్స్‌ఫార్మరే ఇన్ని చిక్కులు తెస్తుంటే దాన్నే తీసేద్దామన్నవారు 1970ల్లో ముందుకొచ్చారు. హెరాల్డ్ బెవరిడ్జ్, అకౌస్టాట్ సంస్థ తమ స్పీకర్లలోనే హై-వోల్టేజి ట్యూబ్ యాంప్‌లు అమర్చారు. స్టాక్స్ ఎలక్ట్రోస్టాటిక్ హెడ్‌ఫోన్లు 1960 నుంచి ప్రత్యేక డ్రైవర్ యాంప్‌తోనే నడుస్తున్నాయి. కోర్ సాచురేషన్ లేదు, వర్గం చొప్పున పెరిగే కెపాసిటెన్స్ లేదు. శాస్త్రపరంగా ఇదే అన్నిటికన్నా శుభ్రమైన పరిష్కారం. హెడ్‌ఫోన్లలో నిలిచిన ఈ పద్ధతి ఇంటి స్పీకర్లలో అరుదైపోయింది. వేల వోల్టుల యాంప్‌కు భద్రత, మరమ్మతు రెండూ కష్టం. పైగా కొన్నవారికి యాంప్ మార్చుకునే స్వేచ్ఛ పోతుంది. అకౌస్టాట్ సంస్థే తర్వాత బాస్‌కు ఒకటి, ట్రెబుల్‌కు ఒకటి చొప్పున రెండు ట్రాన్స్‌ఫార్మర్ల పద్ధతికి మారింది.

ఈ పక్షం మిగిల్చిన పాఠం విలువైనది. ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి ప్రకృతి నియమం కాదని, డిజైనర్ ఎంపిక అని అది గుర్తుచేసింది. పై ఉదాహరణలో 1:100కు బదులు 1:50 పెడితే యాంప్‌కు కనిపించేది 1 మైక్రోఫారడ్ మాత్రమే. 20 కిలోహెర్ట్జ్ దగ్గర 2 ఓమ్‌లున్నది 8 ఓమ్‌లవుతుంది. అదే శబ్దానికి వోల్టేజి రెట్టింపు కావాలి, కరెంటు సగం చాలు. 'కష్టమైన లోడ్' అనే నింద చాలాసార్లు ప్యానెల్‌ది కాదు, తక్కువ వోల్టేజితో ఎక్కువ శబ్దం ఇవ్వాలని స్పీకర్ తయారీదారు చేసిన బేరానిది.

నాలుగో పక్షం: క్లాస్-డి

క్లాస్-డి యాంప్ చివర ఒక ఇండక్టర్, కెపాసిటర్ ఫిల్టర్ ఉంటుంది. ఇండక్టర్ 20 మైక్రోహెన్రీలు, కెపాసిటర్ 0.68 మైక్రోఫారడ్ అయితే రెజొనెన్స్ సుమారు 43 కిలోహెర్ట్జ్ దగ్గర, చెవికి అందని చోట ఉంటుంది. దానికి స్పీకర్ తాలూకు 4 మైక్రోఫారడ్లు తోడైతే అది 16.5 కిలోహెర్ట్జ్‌కు దిగి వినికిడి పరిధిలోకి వస్తుంది. తొలి క్లాస్-డి యాంప్‌లపై వచ్చిన ఫిర్యాదుల్లో కొన్నిటికి ఇది తగిన వివరణ. ఫీడ్‌బ్యాక్‌ను ఫిల్టర్ తర్వాత నుంచి తీసుకునే బ్రూనో పుట్జీస్ తరహా డిజైన్లు ఈ సమస్యను చాలావరకు అదుపు చేశాయి, ఔట్‌పుట్ ఇంపీడెన్స్‌ను ట్రెబుల్ చివర కూడా అతి తక్కువగా ఉంచాయి. కాబట్టి 'క్లాస్-డి పనికొస్తుందా' అనే ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. ఫీడ్‌బ్యాక్ ఎక్కణ్నుంచి తీసుకున్నారన్నదే అడగాలి.

ఒక్క చూపులో నాలుగు పక్షాలు

- ట్యూబులు: మధ్య స్వరాల్లో బలం, లోడ్‌ను ఓర్చుకునే గుణం. ట్రెబుల్ కోత అసలు లోపం. పాత క్వాడ్ లాంటి, మధ్య స్వరాల్లో ఎక్కువ ఇంపీడెన్స్ ఉన్న స్పీకర్లకు తగినవి.
- పెద్ద ట్రాన్సిస్టర్ యాంప్‌లు: వోల్టేజి, కరెంటు, సమతలమైన ట్రెబుల్. స్పీకర్ హద్దు దాటే ప్రమాదం ఉంది. 1-2 ఓమ్‌లకు దిగే ఆధునిక ప్యానెళ్లకు, హైబ్రిడ్లకు తగినవి.
- డైరెక్ట్ డ్రైవ్: సిద్ధాంతంలో శుభ్రం, ఆచరణలో భద్రత, మరమ్మతు కష్టాలు. హెడ్‌ఫోన్లలో విజయం.
- క్లాస్-డి: తక్కువ వేడి, తక్కువ ధర. ఫిల్టర్ తర్వాతి ఫీడ్‌బ్యాక్ ఉంటేనే నమ్మదగినది.

ఇంకా తేలనివి

మొదటిది, స్పీకర్ స్వరాన్ని ఏ యాంప్‌తో సరిదిద్దారన్న ప్రశ్న. ట్యూబ్ యాంప్‌తో తీర్చిన స్పీకర్‌ను సున్నా ఇంపీడెన్స్ యాంప్‌తో నడిపితే ట్రెబుల్ ఎక్కువ కావచ్చు, ట్రాన్సిస్టర్‌తో తీర్చినదాన్ని ట్యూబ్‌తో నడిపితే మందగించవచ్చు. చాలామంది తయారీదారులు ఈ సమాచారం ఇవ్వరు.

రెండోది, ఇంపీడెన్స్ వాలును సరిచేశాక కూడా యాంప్‌ల మధ్య వినిపించే తేడా మిగులుతుందా అన్నది. 1985లో బాబ్ కార్వర్ 'స్టీరియోఫైల్' పత్రిక వారి ఎదుట తన ట్రాన్సిస్టర్ యాంప్‌ను సర్దుబాటు చేసి, ఖరీదైన ట్యూబ్ యాంప్‌తో తేడా తెలియనంతగా కలిపి చూపాడు. మిగిలేది దాదాపు ఏమీ లేదనేవారు ఆ ప్రయోగాన్నే చూపిస్తారు. రోజుల తరబడి వింటే తేడా పట్టుబడుతుందనేవారు దాన్ని ఒప్పుకోరు.

మూడోది పరీక్ష పద్ధతి. 8 ఓమ్‌ల రెసిస్టర్‌కు 2 మైక్రోఫారడ్లు జోడించి స్క్వేర్ వేవ్ చూడటం పత్రికలకు పాత అలవాటు. అసలు స్పీకర్‌లో ట్రాన్స్‌ఫార్మర్ లీకేజ్ ఇండక్టెన్స్, వైండింగ్ రెసిస్టెన్స్ కూడా ఉంటాయి. ఈ పరీక్షలో నెగ్గిన యాంప్ ఇంట్లో ఇబ్బంది పెట్టదనే హామీ లేదు, ఇందులో కాస్త అలలు చూపినది ఇంట్లో చక్కగా నడవనూ వచ్చు.

నాలుగోది గది, వాతావరణం. ఈ ప్యానెళ్లు ముందుకూ వెనక్కూ ధ్వనిస్తాయి, ట్రెబుల్‌ను ఇరుకైన దారిలో పంపుతాయి. ప్యానెల్‌ను కాస్త తిప్పినా, వినేవారు కుర్చీ జరిపినా ట్రెబుల్‌లో వచ్చే మార్పు యాంప్ మార్పును మింగేస్తుంది. తేమ మరో శత్రువు. కోస్తా జిల్లాల ఉప్పుగాలిలో దుమ్ము పట్టిన ప్యానెల్ నుంచి చార్జ్ లీకై శబ్దం తగ్గిపోవచ్చు. అప్పుడు యాంప్‌కు శక్తి చాలడం లేదని కొత్తది కొంటే డబ్బు పోవడమే తప్ప రోగం కుదరదు.

తేలినవి, చెయ్యవలసినవి

ఇన్నేళ్ల చర్చలో గట్టిగా నిలిచినవి కొన్ని ఉన్నాయి. ఎంపికలో మొదట చూడవలసింది కెపాసిటివ్ లోడ్ మీద స్థిరత్వం. అది లేని యాంప్‌లో మిగతా గుణాలు లెక్కలోకి రావు. రెండోది వోల్టేజి హద్దు. వాట్లను రెండుతోనూ, లోడ్ ఓమ్‌లతోనూ గుణించి వర్గమూలం తీస్తే శిఖర వోల్టేజి వస్తుంది. 8 ఓమ్‌లలో 50 వాట్లంటే 28 వోల్టులు, 100 వాట్లంటే 40. ఆ అంకె స్పీకర్ హద్దు లోపల ఉండాలి. మూడోది ట్రెబుల్ చివరి ఇంపీడెన్స్‌తో పోల్చినప్పుడు యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ఎంత అన్నది. ట్రెబుల్ కాస్త ఎక్కువనిపించే వ్యవస్థలో స్పీకర్ వైరుకు వరసలో ఒక ఓమ్ పవర్ రెసిస్టర్ పెట్టి చూడటం తక్కువ ఖర్చుతో అయ్యే పరీక్ష. అది ట్యూబ్ యాంప్ వాలును కొంత అనుకరిస్తుంది, యాంప్‌కు స్థిరత్వాన్నీ ఇస్తుంది. ట్యూబా ట్రాన్సిస్టరా అన్న ప్రశ్న, వాట్ల పోటీ ఈ మూడింటి తర్వాతే రావాలి.

మిగతా పని తయారీదారులది. స్పీకర్‌తో పాటు ఇంపీడెన్స్, ఫేజ్ గ్రాఫు, తట్టుకునే శిఖర వోల్టేజి, స్వరం తీర్చినప్పుడు వాడిన యాంప్ ఔట్‌పుట్ ఇంపీడెన్స్ ప్రకటించాలి. యాంప్ తయారీదారులు 2 నుంచి 4 మైక్రోఫారడ్ల మీద స్క్వేర్ వేవ్ బొమ్మను, 20 కిలోహెర్ట్జ్ దగ్గరి ఔట్‌పుట్ ఇంపీడెన్స్‌ను అచ్చువెయ్యాలి. ఇవేవీ రహస్యాలు కావు, ప్రతి డిజైనర్ బల్ల మీదా ఉండే కొలతలే. వేలు, లక్షలు పోసి కొనే శ్రోతకు వాటిని చూసే హక్కుంది. అవి బయటికి వస్తే నాలుగు పక్షాల మధ్య నడుస్తున్న ఈ తగవులో సగం లెక్కతోనే తీరుతుంది. మిగిలిన సగాన్ని చెవులకు వదిలెయ్యవచ్చు.